తల్లి అయితే లెస్బియన్ కాదా?

“పెళ్లయి ఇద్దరు పిల్లల్ని కన్నాక ఇదేం కొత్త సరదా?” అని రాజోలులో అత్తగారు కేకలేసి అడుగుతుంది. లండన్‌లో అసైలం (సొంత దేశంలో ప్రాణభయం ఉన్నవాళ్లకి ఇచ్చే ఆశ్రయం) దరఖాస్తులు చూసే అధికారి అదే ప్రశ్నను గొంతు పెంచకుండా, టైప్ చేసుకుంటూ అడుగుతాడు. ఇద్దరి లెక్కా ఒక్కటే. పిల్లల్ని కన్నది కాబట్టి మగవాడితో కాపురం ఇష్టమే, అంటే ఇప్పుడు చెప్పేది అబద్ధం. ఈ లెక్క తప్పు. లెస్బియన్ తల్లి అసైలం కేసులో బిడ్డను సర్దిచెప్పుకోవాల్సిన ఇబ్బందిలా చూస్తారు గానీ, నిజానికి కేసు నిలబడాల్సింది అక్కడే. దరఖాస్తు మొదటి పేజీలో బిడ్డ గురించి తేల్చుకోకపోతే తర్వాత ఎంతమంది లాయర్లు పట్టుకున్నా అతకదు.

గోదావరి డెల్టా ఆడవాళ్లు దేశం దాటే దారులు ముఖ్యంగా మూడు. రాజోలు, మలికిపురం, నరసాపురం వైపు నుంచి కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లేవాళ్లు. భర్తకు అమెరికాలో హెచ్1బీ ఉంటే హెచ్4 మీద వెళ్లేవాళ్లు. భీమవరంలోనో కాకినాడలోనో బీటెక్ చేసి మాస్టర్స్‌కి బ్రిటన్, కెనడా వెళ్లేవాళ్లు. ఏ వీసా మీద గడప దాటిందన్నదాన్నిబట్టే ఆమె ఏం అడగగలదు, బిడ్డ వెంట ఉంటుందా లేదా అన్నవి చాలావరకు తేలిపోతాయి.

గల్ఫ్ సంగతి ముందే చెప్పేస్తాను. సౌదీ, కువైట్, ఖతార్, బహ్రెయిన్, యూఏఈ, ఒమన్ ఆరింటిలో ఒక్కటి కూడా శరణార్థులకి రక్షణ ఇవ్వాలనే 1951 అంతర్జాతీయ ఒప్పందంలో చేరలేదు. మన దేశమూ చేరలేదు. పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉన్న మనిషి అక్కడ ఈ మాట బయటపెడితే కేసో, ఇంటికి తిప్పిపంపడమో తప్ప రక్షణ దొరకదు. పోనీ అక్కడి నుంచే బ్రిటన్‌కో అమెరికాకో అసైలం దరఖాస్తు పెడదామంటే ఆ వీలూ లేదు. వాళ్ల గడ్డ మీద అడుగుపెట్టాకే అడగాలి. “దుబాయ్ నుంచే పేపర్లు చేయిస్తాం” అనే ఏజెంటు మాట పచ్చి మోసం.

ఇక అసలు విషయం. ఒప్పందం ప్రకారం హింస భయం ఈ ఐదు కారణాల్లో ఒకదాని వల్ల ఉండాలి: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం. లెస్బియన్లు ఈ ఐదోదాని కిందకి వస్తారు. “ఊళ్లో ఎవరికీ తెలియకుండా గుట్టుగా బతకొచ్చు కదా” అని పంపేయడం కుదరదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2010 జూలైలో, యూరప్ న్యాయస్థానం 2013 నవంబరులో తేల్చాయి. చట్టం అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఆమె లెస్బియన్ అని నమ్మడం దగ్గరే.

పెళ్లో పిల్లలో ఉన్నంత మాత్రాన ఆమె లెస్బియన్ కాదనుకోకూడదని ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ 2012 అక్టోబరులో ఇచ్చిన 9వ మార్గదర్శకాల్లో ఉంది. కెనడా శరణార్థి బోర్డు 2017లో తెచ్చిన మార్గదర్శకమూ ఇలాంటి మూస ఊహలు వద్దనే అంటుంది. అయినా 2015లో లండన్ హైకోర్టులో నైజీరియాకు చెందిన అడెరోంకే అపాటా కేసులో ప్రభుత్వ న్యాయవాది ఆమెకు పిల్లలున్నారని, ఇదివరకు మగవాళ్లతో సంబంధాలున్నాయని చూపించి ఆమె లెస్బియన్ కాదని వాదించాడు. ఆ విడత ఆమె ఓడిపోయింది. చివరికి 2017లో ఆశ్రయం దొరికింది. ఆమె బ్రిటన్ వచ్చింది 2004లో. మార్గదర్శకం పుస్తకంలో ఉండడం వేరు, అధికారి బుర్రలోకి ఎక్కడం వేరు.

అందుకే పెళ్లి గురించి రాసే భాగం, ఆమె తన కథంతా రాసి ఇచ్చే స్టేట్‌మెంట్‌లో అన్నిటికంటే వివరంగా ఉండాలి. “మా ఇంట్లో బలవంతంగా పెళ్లి చేశారు” అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే పనికిరాదు. మన వైపు పెళ్లి ఎలా కుదురుతుందో ఆ అధికారికి తెలియదు. సంబంధం ఎవరు తెచ్చారు? అప్పటికి ఆమె వయసెంత, ఏం చదువుతోంది? పెళ్లిచూపుల్లో ఆమెను ఎవరైనా అడిగారా, అడిగినప్పుడు గదిలో ఇంకెవరున్నారు? వద్దంటే ఏం జరిగింది? చదువు మాన్పించారా, ఫోన్ లాక్కున్నారా, అమ్మ అన్నం మానేసి పడుకుందా? పెళ్లి మేనరికమైతే తప్పకుండా రాయాలి. మేనత్త కొడుక్కి ఇచ్చిన పిల్లకి పుట్టిల్లు, అత్తిల్లు వేర్వేరుగా ఉండవు. అత్తింట్లో దెబ్బలు తిని పుట్టింటికి వస్తే, కొట్టినవాడి తల్లి తన తండ్రికి సొంత అక్కో చెల్లెలో. పెద్దల్లో పెట్టి మళ్లీ కాపురానికి పంపేస్తారు. ఈ ఒక్క సంగతి సరిగ్గా వివరిస్తే “మీ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లొచ్చు కదా” అన్న ప్రశ్నకు సగం జవాబు వచ్చేసినట్టే.

పిల్లలు పుట్టడం గురించీ అంతే. పెళ్లయి ఏడాది తిరక్కుండానే “ఏమన్నా విశేషమా?” అని వీధిలో ప్రతివాళ్లూ అడిగే ఊళ్లో గర్భం ఆమె ఒక్కదాని నిర్ణయం అవదు. అది ఆమె ఇష్టంతో జరగకపోయి ఉంటే, మన చట్టం దాన్ని నేరంగా చూడదని కూడా స్టేట్‌మెంట్‌లో చెప్పాలి. భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లోని మినహాయింపు ప్రకారం 18 ఏళ్లు నిండిన భార్యతో భర్త బలవంతంగా కలిస్తే అది అత్యాచారం కాదు. రాజ్యం ఆమెకు రక్షణ ఇవ్వలేదనడానికి ఇంతకంటే సూటి రుజువు అరుదు. ఆశ్చర్యం ఏమిటంటే చాలామంది లాయర్లకే ఈ సెక్షన్ వాడాలని తట్టదు.

కానీ లేని బలవంతాన్ని కల్పించి రాయకూడదు. భర్త మంచివాడే అయి, ఇష్టంగానే కాపురం చేసి, ఇద్దరు పిల్లలు పుట్టాక 32 ఏళ్లకి తన మనసు తనకి తెలిసిన ఆడవాళ్లున్నారు. ఆడవాళ్లనీ మగవాళ్లనీ ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. ఆ నిజాన్నే నిజంగా చెప్పుకోవాలి. ఆలస్యంగా బయటపెట్టినంత మాత్రాన అబద్ధమనుకోకూడదని యూరప్ న్యాయస్థానం 2014 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పులో ఉంది. పడకగది వివరాలు గుచ్చి గుచ్చి అడగకూడదని, అలాంటి వీడియోలు సాక్ష్యంగా తీసుకోకూడదని కూడా అదే తీర్పు చెప్పింది. అలాంటివి ఇస్తే కేసు బలపడుతుందని ఎవరు చెప్పినా వినొద్దు.

ఇవ్వాల్సినవి ఇవి: ఇద్దరి మధ్య వాట్సాప్ చాట్ మొత్తం, తేదీలతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి. ఏరుకున్న నాలుగు స్క్రీన్‌షాట్లు అనుమానమే పెంచుతాయి. నెలనెలా పంపుకున్న ఫోన్‌పే లావాదేవీలు, ఇద్దరి పేర్ల మీద తీసుకున్న గది అద్దె కాగితం, అంతర్వేది తీర్థంలో ఇద్దరూ కలిసి దిగిన ఫొటో లాంటివి. తెలుగులో ఉన్న ప్రతి ముక్కకీ ఇంగ్లీషు అనువాదం, దాని కింద అనువాదకుడి పేరు, సంతకం, తేదీ ఉండాలి. బ్రిటన్‌లో 2022 జూన్ 28 తర్వాత వేసిన కేసులకి ఇది మరీ ముఖ్యం. ఆమె లెస్బియన్ అన్నది, ఆమె నిజంగానే భయపడుతోందన్నది ఇదివరకటి తేలిక కొలతతో కాకుండా, అవునా కాదా అంటే అవుననే వైపు మొగ్గేలా చూపించాలి. ముందుముందు హాని జరుగుతుందా అన్నదానికి మాత్రం పాత కొలతే ఉంది.

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. భారతదేశం నుంచి వెళ్లినవాళ్లకి ఈ కేసు గెలవడం తేలిక కాదు. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్ పట్టు సడలించింది. ఇద్దరు ఆడవాళ్లు కలిసి ఉండడం నేరం కాదు. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కు మాత్రం నిరాకరించింది. జంటగా దత్తత తీసుకోవాలంటే రెండేళ్ల వైవాహిక జీవితం ఉండాలన్న నిబంధనను మెజారిటీ న్యాయమూర్తులు కొట్టేయలేదు. ఇక 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన సురక్షిత దేశాల (అక్కడివాళ్లకి మామూలుగా ఆశ్రయం అక్కర్లేదనుకునే దేశాల) జాబితాలో భారత్ ఉంది. కాబట్టి అధికారి అడిగే మొదటి ప్రశ్న, “ఊళ్లో ఉండలేకపోతే హైదరాబాద్ వెళ్లొచ్చు కదా?”

భారతీయ లెస్బియన్ల గురించి బ్రిటన్ ట్రిబ్యునల్ 2016లో ఇచ్చిన మార్గదర్శక తీర్పు, ఏఆర్ అండ్ ఎన్‌హెచ్ కేసు, ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పల్లెటూళ్లో చదువు లేక, కుటుంబం గుప్పిట్లో ఉండిపోయిన పేద స్త్రీకి ప్రమాదం ఎక్కువని అది ఒప్పుకుంది. చదువు, చేతిలో కొంత డబ్బు, కాగితాలు ఉన్న స్త్రీ మామూలుగా మరో నగరానికి వెళ్లి బతకగలదంది. ఒంటరి ఆడదాని విషయంలో ఈ మాటకి ఎంతో కొంత అర్థం ఉండొచ్చు. తల్లి విషయంలో లేదనే నేనంటాను.

కారణం బిడ్డ వెనక వచ్చే కాగితాలు. ఒంటరి ఆడది అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్లో మంచం అద్దెకి తీసుకుని ఆరునెలలు ఎవరికీ కనపడకుండా ఉండగలదు. ఆరేళ్ల పిల్లవాణ్ణి వెంటబెట్టుకొస్తే హాస్టల్ చేర్చుకోదు. ఇల్లు అద్దెకి అడిగితే ఓనరు మొదట అడిగేది “మీ ఆయన ఏం చేస్తారమ్మా?” అనే. కొత్త బళ్లో చేర్చాలంటే పాత బడి నుంచి టీసీ తేవాలి, హెడ్మాస్టరుకి పిల్లవాడి తండ్రి తెలుసు. ఆధార్‌లో చిరునామా మార్చాలి. రైస్ కార్డులో ఆమె, పిల్లలు అత్తింటి కార్డు మీదే ఉంటారు. 2025లో మొదలైన తల్లికి వందనం (బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే సాయం) డబ్బు తల్లి ఖాతాలో పడడానికి ఏ బడి, ఏ తరగతి అన్నది సచివాలయం రికార్డుల్లో ఉంటుంది. అక్కడ పనిచేసేది వాళ్ల ఊరివాళ్లే. ఇంట్లోవాళ్లు మిస్సింగ్ కేసు పెడితే పోలీసులు ఫోన్ ఎక్కడుందో చూస్తారు. ఇన్ని దారుల్లో పిల్లవాడి ఆచూకీ తెలుస్తుంటే తల్లి దాక్కోవడం ఎలా? వేరే ఊరికి వెళ్లడం ఎందుకు కుదరదో రాసేటప్పుడు ఈ కాగితాలన్నీ పేరుపేరునా రాయాలి. బంధువుల్లో కానిస్టేబులు, రాజకీయ నాయకుల మనుషులు ఉంటే వాళ్ల హోదాతో సహా రాయాలి. “నన్ను ఎక్కడున్నా వెతుకుతారు” అని ఊరికే రాస్తే ఒక్క పేరాలో కొట్టేస్తారు.

అవతలి వైపు ప్రభుత్వ లాయర్లు మన దేశపు కోర్టు తీర్పుల్నే మన మీదికి తెస్తారు. తల్లిదండ్రులు నిర్బంధించిన స్త్రీల విషయంలో కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే ప్రయత్నం చేయొద్దని సుప్రీంకోర్టు 2024 మార్చిలో చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక మహిళా జంటకి కలిసి ఉండే స్వేచ్ఛ ఉందంది. మంచి తీర్పులే. అయితే అవి మేజర్లయిన ఇద్దరు మనుషుల స్వేచ్ఛ గురించినవి. ఆ జంటలో ఒకరికి బిడ్డ ఉంటే బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్నది ఫ్యామిలీ కోర్టు తేల్చాలి. అక్కడ ఆమె మీద మొట్టమొదట వేసే బాణం ఆమె నడవడికే.

హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956లోని 6వ సెక్షన్ ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆ తర్వాత తల్లి. ఐదేళ్ల లోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గర ఉండాలి. ఆ “తర్వాత” అన్నదానికి తండ్రి చనిపోయాకనే కాదు, తండ్రి పట్టించుకోకపోయినా అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు అర్థం చెప్పింది. బిడ్డ సంక్షేమమే ప్రధానమని 13వ సెక్షన్ అంటుంది. అంటే చట్టం తల్లిని పూర్తిగా తోసేయడం లేదు. దీనివల్ల అసైలం కేసులో ఒక చిక్కుంది. లెబనాన్ తల్లి ఈఎం కేసులో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం లార్డ్స్ సభ 2008లో ఆమె పక్షాన నిలిచింది. అక్కడి చట్టం ఏడేళ్లు నిండగానే కొడుకుని తండ్రికి అప్పగించేస్తుంది కాబట్టి, ఆమెను తిప్పిపంపితే కుటుంబ జీవితం పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుందన్నది కారణం. మన చట్టం అలా వాటంతటదే లాగేసుకోదు. కాబట్టి ఆ తీర్పు ఒక్కటే చూపిస్తే చాలదు. మన దగ్గర బిడ్డను లాక్కునేది కోర్టు కన్నా ముందు కుటుంబం. రాత్రికి రాత్రి పిల్లల్ని వేరే ఊరు పంపేస్తారు, “నీ సంగతి పదిమందిలో పెడతాం, కేసు వేస్తే పిల్లలు నీ మొహం చూడరు” అని బెదిరిస్తారు. ఆ బెదిరింపునే హింసగా చూపించాలి. దెబ్బలకన్నా తక్కువదిగా దాన్ని చివరి పేరాలోకి నెట్టకూడదు. చిలీలో లెస్బియన్ అన్న కారణంతో ముగ్గురు కూతుళ్ల సంరక్షణ పోగొట్టుకున్న అటాలా రిఫో కేసులో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానం 2012 ఫిబ్రవరి 24న అది వివక్ష అని తీర్పిచ్చింది. బ్రిటన్ దానికి కట్టుబడనక్కర్లేదు, అయినా లాయరు దాన్ని ముందు పెట్టాలి.

బిడ్డను వెంట తీసుకెళ్లిన తల్లి మరో వైపు నుంచి చిక్కుకుంటుంది. తండ్రి అక్కడి కోర్టుకెళ్లి “నా బిడ్డను ఎత్తుకుపోయింది” అంటాడు. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ఒక తల్లి కేసు, జీ వర్సెస్ జీ, ఇదే. భర్త నుంచి విడిపోయి తాను లెస్బియన్ అని చెప్పాక సొంతవాళ్లే చంపుతామన్నారు. ఎనిమిదేళ్ల కూతురితో ఇంగ్లండ్ వచ్చి అసైలం వేసింది, కూతురి పేరు డిపెండెంట్‌గా పెట్టింది. తండ్రి, పిల్లల అపహరణ మీద ఉన్న హేగ్ ఒప్పందం కింద, పిల్లని వెనక్కి పంపమన్నాడు. 2021 మార్చి 19న బ్రిటన్ సుప్రీంకోర్టు, డిపెండెంట్‌గా పేరున్న బిడ్డ కూడా రక్షణ అడిగినట్టే లెక్క, ఆ అసైలం తేలేదాకా వెనక్కి పంపే ఉత్తర్వు అమలు కాకూడదు అంది. మన దేశం హేగ్ ఒప్పందంలో లేదు, అయినా తండ్రి బ్రిటన్ హైకోర్టుకి సొంతంగా ఉన్న సహజాధికారం కింద బిడ్డను పంపమని అడగొచ్చు. అందుకని బిడ్డ పేరు మొదటి రోజే ఫారంలో ఉండాలి. బిడ్డకి సొంతంగా భయం ఉంటే బిడ్డ పేరు మీద విడిగా కేసు వేయమని లాయరుని అడగాలి.

వదిలేసి వెళ్లినవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సులకి మామూలు మాస్టర్స్ విద్యార్థులు బ్రిటన్‌కి కుటుంబాన్ని తీసుకెళ్లలేరు. కాబట్టి బిడ్డ పాలకొల్లులో అత్తగారి దగ్గరే ఉంటుంది. తర్వాత ఆమెకి ఆశ్రయం వచ్చినా, శరణార్థుల కుటుంబాన్ని రప్పించే కొత్త దరఖాస్తుల్ని 2025 సెప్టెంబరు 4 నుంచి ఆపేశారు. బిడ్డను వదిలి వచ్చిందంటే ప్రమాదం లేదనేగా అని అధికారి అంటే, వీసా నిబంధనే వదిలించిందని, ఆ 2024 జనవరి తేదీతో సహా జవాబు రాయాలి.

అమెరికాలో గడియారం ముఖ్యం. దేశంలోకి వచ్చిన ఏడాదిలోపు అసైలం దరఖాస్తు ఫారం ఐ-589 వేయాలి. హెచ్4, ఎఫ్1 లాంటి చెల్లే స్టేటస్‌లో ఉన్నంతకాలం ఈ గడువుకి మినహాయింపు దొరుకుతుంది, స్టేటస్ పోయాక మాత్రం తాత్సారం చేయకూడదు. విడాకులతో హెచ్4 పోతుంది, కాబట్టి విడాకుల తేదీకి ముందే అసైలం లాయరుని కలవాలి. గడువు దాటితే మిగిలేది విత్‌హోల్డింగ్, అంటే వెనక్కి పంపకుండా ఆపడం మాత్రమే. దాని రుజువు బరువు ఎక్కువ, పైగా అందులో పిల్లలకి ఏమీ రాదు. అసైలం వస్తే 21 ఏళ్లలోపు పెళ్లికాని పిల్లల కోసం రెండేళ్లలో, వాళ్లని రప్పించుకునే ఫారం ఐ-730 వేయొచ్చు. ఫారంలో పిల్లలందరి పేర్లూ, ఎక్కడున్నా సరే, రాయాలి. మనసు కలుక్కుమనేది ఏమిటంటే, చట్టం దృష్టిలో ఆమె కుటుంబం ఇంకా ఆ భర్తే. పారిపోయి వచ్చింది ఎవరి నుంచో అతనికి డిపెండెంట్ హక్కు ఉంటుంది, బిడ్డను తనతో కలిసి పెంచిన స్త్రీకి ఉండదు. ఆమెకి రావాలంటే ముందు విడాకులు, తర్వాత ఆ పెళ్లి చెల్లే చోట పెళ్లి జరగాలి. కెనడాలో శాశ్వత నివాసం దరఖాస్తులో చెప్పకుండా దాచిన బిడ్డను తర్వాత స్పాన్సర్ చేయడానికి సాధారణంగా వీలుండదు. “లెస్బియన్ అంటున్నావు, పిల్లల సంగతి రాయకు” అనే ఏజెంటు సలహా తల్లినీ బిడ్డనూ శాశ్వతంగా విడదీసేది ఇక్కడే.

ఏజెంట్ల కథలు అన్నీ ఒకే అచ్చు. ఊరిపెద్దలు తీర్మానం చేశారు, పెట్రోలు పోయబోయారు అంటూ పేరు మార్చి నలుగురికి అదే అమ్ముతారు. సర్పంచ్ లెటర్‌హెడ్ మీద రాయించిన “ఈమెకు ప్రాణహాని కలదు” అన్న కాగితాన్ని అధికారులు లెక్కచేయరు. అమెరికాలో తెలిసి కల్పించిన దరఖాస్తు అని తేలితే జీవితాంతం ఏ ఇమిగ్రేషన్ ప్రయోజనమూ దక్కదు. నిజమైన కేసులున్న ఆడవాళ్లని నమ్మకపోవడానికి ఈ అమ్మకం కూడా ఒక కారణమని నా కోపం.

ఇక్కడ ఉండగానే సంపాదించాల్సిన కాగితాలకి విలువ ఎక్కువ. కొట్టినప్పుడు ప్రభుత్వాసుపత్రిలో రాయించుకున్న చీటీ. గృహహింస చట్టం 2005 కింద రక్షణాధికారి తయారుచేసే గృహహింస నివేదిక. దానికి లాయరు అక్కర్లేదు, పోలీసు కేసూ అక్కర్లేదు, ప్రభుత్వం తయారుచేసిన కాగితం కాబట్టి విదేశంలో బరువుంటుంది. అదే చట్టం 21వ సెక్షన్ కింద బిడ్డ తాత్కాలిక సంరక్షణ కూడా అడగొచ్చు. బిడ్డ పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేస్తే అనెగ్జర్ డీ, తండ్రి ఒప్పుకోకపోతే తల్లి ఒక్కతే కారణం రాసి ఇచ్చే అనెగ్జర్ సీ. అనెగ్జర్ డీ మీద భర్త సంతకం తామే పెట్టేస్తే అది ఫోర్జరీ. అసైలం ఇంటర్వ్యూలో అది బయటపడితే మిగతా నిజాలన్నీ దానితో పాటే కొట్టుకుపోతాయి. పిల్లల పాస్‌పోర్టు మామూలుగా ఐదేళ్లే చెల్లుతుంది. అసైలం వేశాక దాన్ని మళ్లీ చేయించడానికి భారత కాన్సులేట్ మెట్లెక్కితే, ఆ దేశమంటే భయం లేదనేగా అంటారు. అందుకే బయల్దేరే ముందే కొత్తది చేయించుకోవాలి.

ఇంటర్వ్యూకి ముందు రాతపూర్వకంగా నాలుగు అడగాలి. ఇంటర్వ్యూ చేసేది స్త్రీ కావాలి. దుబాసీ స్త్రీ కావాలి, ఆ నగరపు తెలుగు సంఘాల్లో తిరిగే మనిషి కాకూడదు, వీలైతే ఫోన్‌లో వేరే ఊరి నుంచి మాట్లాడాలి. గదిలో పిల్లలు ఉండకూడదు. భర్త ఫైలు మీద ఆమె డిపెండెంట్‌గా ఉంటే తన ఫైలు విడగొట్టి, ఉత్తరాలు తన ఒక్కదాని ఈమెయిల్‌కే పంపాలి. లేకపోతే తిరస్కరణ లేఖ భర్త చేతిలో పడుతుంది, అందులో ఆమె చెప్పుకున్నదంతా అచ్చులో ఉంటుంది. దుబాసీ తెలిసిన మనిషి అని గుర్తుపడితే ఆ క్షణమే చెప్పి రికార్డు చేయించాలి. భయపడి సగం చెప్పి వచ్చేస్తే, ఆ మిగిలిన సగం అప్పీలులో చెప్పినప్పుడు “అప్పుడెందుకు చెప్పలేదు?” అని అడుగుతారు. ఆ ప్రశ్నకు పనికొచ్చేది ఆ రికార్డులో ఉన్న ఆ ఒక్క మాటే.